చేలో విడిగా కనిపించిన వరి దుబ్బు: ఆ గుణం విత్తనంలోకి దిగుతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

సార్వా (ఖరీఫ్) చేలు ఈనడం మొదలైతే చాలు, నా ఫోన్లోకి ఫొటోలు కూడా మొదలవుతాయి. "చేనంతా నడుం ఎత్తుంటే ఇదొక్కటి భుజం దాకా లేచిందండి, విత్తనం కట్టమంటారా?" అని ఒకరు. "వరదకి మడంతా కుళ్లిపోతే ఈ దుబ్బొక్కటే పచ్చగా ఉంది, దీని వడ్లు వేస్తే మునక తట్టుకుంటాయా?" అని ఇంకొకరు. ఊరు మారుతుంది, ప్రశ్న మారదు.

ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. చేలోకి వచ్చి మొక్కను తడిమి చూసినా తేలే సంగతి కాదిది. దాని గింజలు మొలకెత్తించి, ఆ పిల్ల మొక్కలను వరసలో నిలబెట్టి చూస్తేనే తెలుస్తుంది. దానికి ఒక సార్వా కాలం, సెంటులో మూడో వంతు నేల, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఈ కాస్త సిద్ధాంతం

మొక్కలో ఒక్కో గుణానికి రెండేసి పాళ్లు ఉంటాయి. ఒకటి తల్లి వైపుది, ఒకటి తండ్రి వైపుది. గింజ కట్టేటప్పుడు ఆ రెంటిలో ఒక్కటే, ఏదైనా ఒకటి, పిల్లకు వెళుతుంది. రెండు పాళ్లు వేరువేరు రకాలవైతే తరచు ఒకటి పైకి కనిపిస్తుంది, రెండోది అణిగి ఉంటుంది. అణిగిందంటే పోయిందని కాదు, తర్వాతి తరంలో మళ్లీ బయటపడుతుంది. 1866లో గ్రెగర్ మెండెల్ అచ్చువేసిన బఠానీ లెక్కల్లో, గుండ్రటి, ముడతల గింజల మొక్కలను కలిపాక రెండో తరంలో 5,474 గుండ్రటి గింజలకు 1,850 ముడతల గింజలు వచ్చాయి. దాదాపు మూడుకి ఒకటి.

మన వరిలో దీనికి సాక్ష్యం దగ్గర్లోనే ఉంది. 1966లో విడుదలైన ఐఆర్-8కి తల్లిదండ్రులు రెండు: పేటా అనే పొడుగు రకం, డీ-జియో-వూ-జెన్ అనే తైవాన్ పొట్టి రకం. రెంటినీ కలిపితే మొదటి తరం అంతా పొడుగే వచ్చింది. రెండో తరంలో సుమారు నాలుగో వంతు మొక్కలు పొట్టివి. ఆ పొట్టివాటిలోంచి ఏరిందే ఐఆర్-8. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి పండించారు, 'మిస్టర్ ఐఆర్-8' అని పేరే పడిపోయింది. ఇప్పుడు మనం వేసే పొట్టి రకాల్లో చాలావాటికి పొట్టితనం ఇచ్చింది ఆ తైవాన్ రకం జన్యువే (ఇందాక పాలు అన్నది దీన్నే).

ఇంకొక్క మాట. వరి పువ్వులో ఆడ, మగ భాగాలు ఒకే చోట ఉంటాయి. ఉదయం పూట ఓ గంట సేపు విచ్చుకుని, తన పుప్పొడి తానే వేసుకుని మూసుకుంటుంది. పక్క రకం పుప్పొడి పడటం మామూలుగా వందకు ఒకటి లోపే. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982 నుంచి ఇప్పటికీ స్వర్ణగానే ఉండటానికి కారణం ఇదే. కాబట్టి చేలో తేడా మొక్క కనిపించగానే "సంకరం అయిపోయింది" అనుకోకండి. చాలాసార్లు అది కోత మిషన్‌లోనో, గోనె సంచిలోనో, కళ్లంలోనో కలిసిన వేరే రకం గింజ. మనం కేళీ అని పీకి పారేసేవాటిలో ఎక్కువ ఈ బాపతే.

కావలసినవి

- ఎర్ర రిబ్బను గానీ ఊలు దారం గానీ. ఆకుపచ్చ వద్దు, రేపు మీకే కనపడదు.
- కాగితం కవర్లు. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకి బూజు పడుతుంది.
- పెన్సిల్, నోటు పుస్తకం. పెన్నుతో రాసిన చీటీ ఒక్క వానకి చెరిగిపోతుంది.
- కొలత టేపు, వెదురు పుల్లలు, పిట్టలకు వల.
- నారు పోయడానికి కాగితం కప్పులు లేదా పాత పెరుగు డబ్బాలు, అడుగున చిల్లులు పెట్టినవి.
- మండె కట్టడానికి, అంటే నానిన గింజలు మూటగట్టి మొలకెత్తించడానికి, పల్చటి గుడ్డ ముక్కలు.
- ఆ దుబ్బు దొరికిన చేలో వేసిన అసలు రకం విత్తనం, గుప్పెడు. పోల్చుకోవడానికి ఇది లేకపోతే పరీక్షంతా దండగ.
- చేను నడుమ ఆరు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న ముక్క. గట్టు పక్కన మాత్రం వద్దు.

1. కోయకముందే నేలను చూడండి

దుబ్బు కంటే ముందు దాని చుట్టుపక్కల చూడండి. గట్టు పక్కదా? గట్టు పక్క దుబ్బుకి ఎండా గాలీ ఎక్కువ, పోటీ తక్కువ, పిలకలు ఎక్కువే వస్తాయి. యూరియా చల్లేటప్పుడు పిడికిలి జారిన చోటా? పాత పెంటపోగు ఉన్న చోటా? పక్కన మొక్కలు చచ్చి ఖాళీ వచ్చిన చోటా? వీటిలో దేనికి అవునన్నా, ఆ బలం నేలది. గింజలోకి దిగదు.

మునక తట్టుకుంది అనుకుంటున్న దుబ్బయితే, మడిలో ఆ చోటు నాలుగు వేళ్ల మిట్ట కాదు కదా అని చూడాలి. నీళ్లు నిలిచి ఉండగా పుల్ల ముంచితే తేలిపోతుంది. మునక తట్టుకునే గుణం నిజంగా ఉంది, ఒక ప్రధాన జన్యువు మీదే నడుస్తుంది. ఎఫ్ఆర్ 13ఏ అనే పాత రకం నుంచి దాన్ని స్వర్ణలోకి ఎక్కించి స్వర్ణ-సబ్1 చేశారు, మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునక ఓర్చుకుంటుంది. కానీ మామూలు చేలో దానంతట అది పుట్టుకొచ్చే గుణం కాదు. మీ ఊళ్లో ఎవరైనా ఆ రకం వేసి ఉంటే, దాని గింజ కలిసి ఉండటానికే అవకాశం ఎక్కువ. అంతర్వేది వైపు, సముద్రపు ఒడ్డు గ్రామాల్లో చవుడుకి మడి మాడిపోయి ఒక దుబ్బు మిగిలినా ఇదే జాగ్రత్త. చవుడు మడంతా ఒకేలా ఉండదు, అడుగు దూరంలో మారిపోతుంది.

రెండో అనుమానం తెగులు. పొడుగ్గా, సన్నగా, పాలిపోయిన ఆకుతో సాగిపోయి, కింది కణుపుల దగ్గర గాల్లోకి వేళ్లు పుట్టి ఉంటే అది మంచి మొక్క కాదు, బకానే అనే బూజు తెగులు. ఈ తెగులు గింజ ద్వారా కూడా వస్తుంది. అలాంటి దుబ్బు వడ్లు వేస్తే వచ్చే ఏడు కూడా కొన్ని పొడుగు మొక్కలు కనిపిస్తాయి, "చూశారా, దిగింది" అని మీరు సంబరపడతారు. దిగింది తెగులు. అటువంటి దుబ్బును పీకి తగలబెట్టండి, పరీక్ష అక్కర్లేదు.

2. గుర్తు పెట్టండి, రాయండి

రిబ్బను దుబ్బుకి కాకుండా పక్కన పాతిన పుల్లకి కట్టండి, దుబ్బుకి కడితే గాలికి పిలక విరుగుతుంది. ఇవి రాసుకోండి: వెన్ను బయటికొచ్చిన తేదీ, నేల నుంచి ఎత్తైన వెన్ను కొస దాకా ఎత్తు, మొదట్లో ఆకు తొడుగు రంగు పచ్చనా ఊదానా, గింజ కొసన మీసం ఉందా లేదా. పక్కనున్న అయిదు మామూలు దుబ్బులకూ ఇవే కొలతలు రాయండి. ఎత్తు కళ్లతో అంచనా వేయకండి, మనకు నచ్చిన మొక్క ఎప్పుడూ నాలుగంగుళాలు ఎక్కువే కనిపిస్తుంది.

ఏ గుణం కోసం పరీక్ష చేస్తున్నారో కూడా ఇప్పుడే రాసేయండి. ఎత్తు, తొడుగు రంగు, మీసం, బియ్యం మీద ఎర్ర పొర, వాసన లాంటివి గింజలోకి బాగా దిగే గుణాలు. గింజ పొడవు, సన్నం కూడా చాలావరకు దిగుతాయి. దిగుబడి, పిలకల సంఖ్య మాత్రం చాలా జన్యువుల మీద, అంతకంటే ఎక్కువగా నేల మీద, ఎరువు మీద ఆధారపడతాయి. ఒక్క దుబ్బుకి ముప్పై పిలకలు వచ్చాయని విత్తనం కట్టడం నా ఉద్దేశంలో వృథా శ్రమ.

3. అయిదు వెన్నులు, అయిదు కవర్లు

వెన్నులో నూటికి ఎనభై గింజలు బంగారు రంగు తిరిగాక, చేను కోతకు ముందే కోయాలి. మిషన్ వస్తున్న రోజున చూసుకుందాంలే అనుకుంటే దుబ్బు దొరకదు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. దుబ్బంతా ఒకే కవర్లో వేసేస్తారు. మన ఊడ్పుల్లో కుదురుకి రెండు మూడు మొక్కలు పెడతారు కదా. అంటే మీరు ఒక మొక్క అనుకుంటున్న దుబ్బులో రెండు వేరు మొక్కలు అల్లుకుని ఉండొచ్చు. అన్నీ కలిపి నూర్చేస్తే రేపు వరసలో పొడుగూ పొట్టీ రెండూ వచ్చినప్పుడు, అది సంకరం వల్లా, కలగాపులగం వల్లా అన్నది బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే విడి వెన్నులు. వెన్నుకో కవరు, కవరుకో నంబరు, లోపలొక చీటీ పైనొక చీటీ. చేతనైతే మొదట్లో పిలకలు విడదీసి ఏది ఏ మొక్కదో చూసుకోండి.

నీడలో రెండు రోజులు, తర్వాత పొద్దుటి ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. గింజ పంటికింద పటుక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. ఒక్కో వెన్నులో సగం గింజలు గట్టి మూత ఉన్న డబ్బాలో దాచేయండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లు మనకు కొత్తా? పరీక్ష వరస పడిపోయినా ఆ సగం ఉంటే టెన్షన్ ఉండదు.

4. నాలుగు గింజలు ఒలిచి చూడండి

ఒక్కో వెన్ను నుంచి నాలుగు గింజలు గోటితో ఒలవండి. బియ్యం తెల్లగా ఉన్నాయా, పైపొర ఎర్రగా ఉందా? ఎర్రపొర పైచేయి గుణం. అయితే ఒక మెలిక ఉంది. ఆ పొర తల్లి మొక్క శరీరంలో భాగం, పిల్లది కాదు. మీ తెల్ల రకం పువ్వు మీద ఎర్ర రకం పుప్పొడి పడితే ఆ గింజ ఒలిచినా తెల్లగానే ఉంటుంది. దాన్ని మొలిపించి పెంచితే, ఆ మొక్క గింజలు ఎర్రగా వస్తాయి. అంటే ఈ ఏడు జరిగిన కలయిక వచ్చే ఏడు గానీ కంటికి కనపడదు. "పోయినేడు ఒలిచి చూశాం, బాగానే ఉన్నాయి" అన్న మాటకు అందుకే విలువ లేదు.

వాసన సంగతి వేరు. వాసన లేకపోవడం పైచేయి, ఉండటం అణిగే గుణం. అది పిల్ల గింజలోనే తెలుస్తుంది. సంకర మొక్క వెన్నులో గింజలు ఒక్కొక్కటే నమిలితే, నాలుగింటికి ఒకటి చొప్పున వాసన తగలాలి. గుప్పెడు ఒకేసారి నమిలితే ఏమీ తెలియదు. మధ్యమధ్య నోరు పుక్కిలించండి.

5. మండె, నారు

దుబ్బు సార్వాలో దొరికితే పరీక్ష కూడా సార్వాలోనే చేయండి. దాళ్వాలో (రబీలో) చలీ, పగటి పొడవూ మారి ఎత్తు, ఈనే రోజులు అన్నీ తారుమారవుతాయి. ఓపిక లేక దాళ్వాలో వేసి "పొట్టిగా వచ్చింది, గుణం దిగలేదు" అని వదిలేసినవాళ్లు ఉన్నారు.

ఒక్కో వెన్ను గింజలు విడి గుడ్డ ముక్కలో మూటగట్టి ఒక రోజు నానబెట్టి, ఒక రోజు మండె కట్టండి. మొలక కనిపించగానే కప్పుల్లో, డబ్బాల్లో విడివిడిగా చల్లండి. అందరితో పాటు ఆకుమడిలో (నారుమడిలో) ఓ మూల చల్లొద్దు. ఆకు పీకే రోజు హడావుడిలో ఎవరి కట్ట ఎవరిదో తెలియకుండా పోతుంది. పీకేది మీరైనా సరే.

అసలు రకం గింజలు కూడా అదే రోజు, అదే మట్టిలో, అలాంటి డబ్బాల్లోనే పోయాలి.

6. ఊడ్పు: కుదురుకి ఒకే మొక్క

నారు 21 నుంచి 25 రోజులది కాగానే ఊడ్చండి. ఒక్కో వెన్నుకి ఒక్కో వరస, వరసకి 40 మొక్కలు. మొక్కకి మొక్కకి 15 సెంటీమీటర్లు, వరసకి వరసకి 20. అయిదు వెన్నుల వరసలు, వాటికి అటొకటి ఇటొకటి మధ్యలో ఒకటి అసలు రకం వరసలు, మొత్తం ఎనిమిది. రెండు పక్కలా మరో రెండేసి వరసలు అసలు రకమే కాపలాకి వేయండి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

కుదురుకి ఒకే మొక్క. కూలీలకు చెప్పి వదిలేస్తే చెయ్యి అలవాటు కొద్దీ మూడు పెట్టేస్తారు, పక్కన నిలబడండి. రెండు మొక్కలు కలిస్తే లెక్క మొత్తం పోయినట్టే. చచ్చిన చోట వేరే వరస నారు పెట్టి పూడ్చకండి, ఖాళీగా వదిలేయండి.

ఎరువు ముక్కంతా ఒకేలా వేయాలి. చేతితో చల్లడం కంటే కొలిచిన నీళ్లలో కలిపి వరసకి ఇంత అని పోస్తే మేలు.

అన్నట్టు, 40 ఎందుకు, పదయితే చాలదా? చాలదు. మూడుకి ఒకటి చొప్పున విడిపోయే వరసలో పది మొక్కలే వేస్తే, అణిగిన రకం ఒక్కటి కూడా కనపడకుండా పోయే అవకాశం వందకి అయిదారు సార్లు ఉంటుంది. 16 వేస్తే వందకి ఒకటికి పడిపోతుంది. 40 వేస్తే ఎలుకలు పది తిన్నా నిశ్చింత.

7. లెక్క పెట్టడం

మూడు సార్లు వరసల్లోకి దిగాలి. పిలకలు వేసేటప్పుడు తొడుగు రంగు, ఈనేటప్పుడు తేదీలు, గింజ ముదిరాక ఎత్తు, మీసం. మొక్కలన్నీ ఒక్కొక్కటిగా చూడండి. ఒక వరసలో సగం మొక్కలు ఈనిన తేదీ ఆ వరస తేదీ. కానీ మొదటి మొక్కకీ చివరి మొక్కకీ మధ్య ఎన్ని రోజుల తేడా ఉందో కూడా రాయండి. అసలు రకం వరసలో నాలుగయిదు రోజుల తేడా ఉండి, మీ వరసలో పదిహేను రోజులుంటే, అదొక్కటే చాలా చెప్పేస్తుంది.

పొడుగూ పొట్టీ ఎక్కడ విడదీయాలో తెలియకపోతే, అసలు రకం వరసల్లో అన్నిటికంటే ఎత్తైన మొక్కను కొలవండి. దాన్ని బాగా దాటినవే పొడుగువి. మధ్యరకంగా ఉన్నవి ఎక్కువగా ఉంటే బలవంతాన రెండు గుంపుల్లోకి నెట్టకండి, మూడో గుంపుగా రాయండి. కొన్ని కలయికల్లో రెండు పాళ్లూ ఉన్న మొక్క నడిమధ్య ఎత్తుకి వస్తుంది, అప్పుడు ఒకటి, రెండు, ఒకటి చొప్పున మూడు గుంపులు పడతాయి.

పాలు పోసుకునే సమయానికి వల కట్టేయండి. చుట్టుపక్కల చేలకంటే ముందు ఈనిందంటే పిట్టలన్నీ ఆ ముక్క మీదే వాలతాయి.

8. ఫలితం చదవడం

*వరసలన్నీ అసలు రకంలాగే ఉన్నాయి.* ఎత్తూ అంతే, తేదీ అంతే. అంటే పోయినేడు మీరు చూసింది నేల బలం. గుణం దిగలేదు. బాధపడక్కర్లేదు, ఎకరంలో వేసి తెలుసుకునేది సెంటులో తెలుసుకున్నారు.

*ప్రతి వరసా మొత్తం ఒకేలా ఉంది, అసలు రకంలా లేదు, తల్లి దుబ్బులా ఉంది.* ఇది నిలకడగా ఉన్న మొక్క. పదింట తొమ్మిదిసార్లు వేరే రకం గింజ కలిసిందనే అర్థం అని నా అంచనా. ఊళ్లో, పక్క ఊళ్లో ఎవరు ఏ రకాలు వేశారో కనుక్కుని గింజ పక్కన గింజ పెట్టి చూడండి. అరుదుగా, అణిగి ఉండే గుణం ఒకటి కొత్తగా పుట్టి బయటపడి ఉండొచ్చు.

*ఒక్కో వరసలోనే రెండు రకాలూ ఉన్నాయి.* ఇది సంకరం. తల్లి దుబ్బు రెండు వేరు పాళ్లు మోస్తోంది. 40 మొక్కల్లో సుమారు 30 తల్లిలా, 10 వేరుగా రావాలి. సరిగ్గా 30, 10 రాలేదని కంగారు పడకండి, వేరుగా ఉన్నవి అయిదు నుంచి పదిహేను దాకా వచ్చినా అది మూడుకి ఒకటి కిందకే వస్తుంది. ఒక్క వరసతో ఆగక, ఒకే మొక్కవని తేలిన వెన్నుల వరసలన్నీ కలిపి లెక్కేయండి, దగ్గరపడుతుంది.

*కొన్ని వరసలు పూర్తిగా అసలు రకం, కొన్ని పూర్తిగా తేడా రకం.* కుదురులో రెండు మొక్కలు ఉన్నాయన్నమాట. విడి కవర్లు పెట్టినందుకు ఫలితం ఇదే.

లెక్క ఏ గుంపులోనూ పడకపోతే? ఒకే గుణాన్ని రెండు జన్యువులు నడిపే సందర్భాలున్నాయి. ఊదా రంగు తొడుగులో 16కి తొమ్మిది ఊదా, ఏడు పచ్చ లాంటి నిష్పత్తులు వస్తుంటాయి. అక్కడి దాకా వచ్చారంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రానికో, ఉండి ఊళ్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో నోటు పుస్తకం పట్టుకెళ్లండి. ఫొటో కాదు, పుస్తకం.

9. సంకరం అయితే రెండో ఏడు

మీకు కావలసింది అణిగే గుణమైతే పని తేలిక. పొట్టి మొక్కలో రెండు పాళ్లూ పొట్టివే, కాబట్టి దాని పిల్లలన్నీ పొట్టివే అవుతాయి. కావలసింది పైచేయి గుణమైతే ఓపిక పట్టాలి. పొడుగువాటిలో మూడింటికి ఒకటే నిలకడగా నిలుస్తుంది, మిగతా రెండూ మళ్లీ విడిపోతాయి. చూడ్డానికి మూడూ ఒకటే. కాబట్టి కనీసం పది పొడుగు మొక్కలు విడివిడిగా కోసి, ఒక్కోదానికి ఒక్కో వరస వేసి, చెదరని వరసలనే ఉంచుకోవాలి. అన్నీ కలిపేసి "బాగున్నవి" అని ఒక సంచిలో పోస్తే ఆ చేను ఏళ్లు గడిచినా కేళీలు వేస్తూనే ఉంటుంది.

ఒక గుణం నిలిచిందంటే అన్నీ నిలిచాయని కాదు. ఎత్తు రెండో ఏట కుదురుకున్నా గింజ సైజు, ఈనే రోజులు ఇంకా చెదురుతుంటాయి. వరస మొత్తం ఒకే అచ్చులో పోసినట్టు రావడానికి ఆరేడు తరాలు ఏరుకోవాల్సి ఉంటుంది.

హైబ్రిడ్ ధాన్యం దాచి వేసుకోవచ్చా?

ఇది కూడా అడుగుతూనే ఉంటారు. వద్దు. హైబ్రిడ్ చేలో ప్రతి మొక్కా ఇందాక చెప్పిన సంకర మొక్కే. ఈ ఏడు అన్నీ ఒకేలా ఉంటాయి, వాటి వడ్లు వేస్తే ఎత్తు, రోజులు, గింజ అన్నీ విడిపోతాయి. వరి హైబ్రిడ్లలో ఇంకో చిక్కుంది. తల్లి వైపు రకం మగతనం లేనిది, ఆ లోపం తల్లి నుంచే ప్రతి తరానికీ వస్తుంది. దాన్ని సరిచేసే జన్యువు తండ్రి ఇస్తాడు. రెండో తరంలో ఆ జన్యువు అందని మొక్కలు తాలు వెన్నులు వేస్తాయి. దాళ్వాలో మొక్కజొన్న వేసేవాళ్లకీ ఇదే మాట, హైబ్రిడ్ అయితే విత్తనం కొనుక్కోవాల్సిందే. స్వర్ణ, ఎంటీయూ 1010, విజేత లాంటి రకాలు మాత్రం కేళీలు ఏరుకుంటే మీ వడ్లే మీ విత్తనం.

కోనసీమ వాళ్లకు ఒక ముక్క. ఈ పద్ధతి కొబ్బరికి పనికిరాదు. పొడుగు కొబ్బరి పక్క చెట్ల పుప్పొడితో కాస్తుంది, తండ్రి ఎవరో తెలియదు, మంచి చెట్టు కాయ పాతినా సగం గుణమే మీ చేతిలో ఉంటుంది. అంబాజీపేటలో గోదావరి గంగ తయారు చేసేటప్పుడు తండ్రి కూడా తెలిసి ఉండాలనే, ఈస్ట్ కోస్ట్ పొడుగు రకాన్ని గంగబొండంతో ప్రత్యేకంగా కలిపారు. అరటికైతే అసలు బెంగే లేదు, పిలక తల్లికి నకలు.

నిలకడైన వరస దొరికితే

ఒక వరసలో కిలో దాకా వడ్లు వస్తాయి. మామూలు ఊడ్పుకి ఎకరాకి 20, 25 కిలోలు కావాలి గానీ, ఒంటి మొక్కగా 25 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే రెండు కిలోలు సరిపోతాయి. అంటే కిలోతో అరెకరం. పక్క రకానికి కనీసం మూడు మీటర్ల ఎడం వదలండి, పొట్ట దశలో ఒకసారి, ఈనాక ఒకసారి, కోతకు ముందు ఒకసారి కేళీలు ఏరండి. ఆ అరెకరాన్ని మిషన్‌తో కోయించకండి, చేత్తోనే కోయించండి. తప్పదంటే మొదటి రెండు బస్తాలు తిండికి పక్కన పెట్టి, మూడో బస్తా నుంచి విత్తనానికి తీయండి.

అది ఊళ్లో ఎవరి దగ్గరా లేని రకమని తేలితే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతు పేరున నమోదు చేయించుకునే వీలుంది. మిగతా రకాలకు భిన్నంగా ఉందా, అంతా ఒకేలా ఉందా, ఏళ్లు గడిచినా మారకుండా ఉందా అని చూస్తారు. నమోదు అయినా కాకపోయినా మీ విత్తనం మీరు దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వేరొకరి పేరున నమోదైన రకాన్ని మాత్రం కంపెనీ సంచిలా పేరు వేసి బ్రాండుగా అమ్మడం కుదరదు. దరఖాస్తుకి వెళ్లే ముందు మొదటి ఏడు దాచిన సగం గింజలు, నిలకడైన వరస గింజలు, అసలు రకం గింజలు మూడు కవర్లలో వేసి, నోటు పుస్తకంతో సహా ఉండికో మార్టేరుకో తీసుకెళ్లి ఒకసారి చూపించండి.